బస్వరాజు చేతిలో ఆరు గంటలు

మా ఫ్యాక్టరీలో డాక్టరు తప్ప బస్వరాజును పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. పనివాళ్లకు ఆయన డాక్టర్ సాబు, ఆఫీసు వాళ్లకు కాంపౌండరు. జహీరాబాద్ అవతల ఒక పల్లెలో పుట్టి, బీదర్‌లో నర్సు పని నేర్చుకుని, ఇరవై ఆరో ఏట గడ్డపోతారం వైపు మందుల ఫ్యాక్టరీల్లోకి వచ్చి పడ్డాడు. నేను ల్యాబులో కెమిస్టుగా చేరేనాటికే ఆయన అక్కడ పాతకాపు. పొట్టి మనిషి. నుదుటి మీది విభూతి గీతలు మధ్యాహ్నానికల్లా చెమటకు చెరిగిపోయేవి. గేటు దాటగానే ఎడమవైపున్న రెండు గదులు ఆయన రాజ్యం. ఒకదాంట్లో బల్ల, బీరువా, రిజిస్టరు. ఇంకోదాంట్లో రెండు ఇనుప మంచాలు, పక్కనే స్నానానికి కుళాయి. డాక్టరు వారానికి రెండు రోజులు వచ్చి గంటసేపు కూర్చుని పోయేవాడు. మిగతా కాలమంతా బస్వరాజే.

కంట్లో పొడి పడినవాడు, ఆవిరి గొట్టం తగిలి చెయ్యి కాలినవాడు, ముందురోజు తాగింది దిగక తల పట్టుకుని వచ్చినవాడు, అందరూ ఆయన దగ్గరికే. డాక్టర్ సాబు దగ్గర రెండే మందులుంటాయి, ఒకటి తెల్ల గోలి, రెండోది తిట్టు అని పనివాళ్లు నవ్వుకునేవాళ్లు. తిడుతూనే కట్టు కట్టేవాడు. కట్టే చెయ్యి మాత్రం మెత్తన. ప్యాకింగులో పనిచేసే ఆడవాళ్లు డాక్టరుకు చెప్పుకోలేనివి ఆయనకు చెప్పుకునేవాళ్లు. నాకు మొదటి నెలలో ల్యాబు వాసనలు పడక వాంతులైతే, నిమ్మకాయ ఉప్పులో అద్ది చేతికిచ్చి, "మేడం, ముక్కు అలవాటు పడుతది గని, ఒళ్లు అలవాటు పడదు. యాది పెట్టుకో" అన్నాడు. అప్పుడు ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు.

మా ల్యాబులో అన్నిటికంటే ఎక్కువగా వాడేది అసిటోనైట్రైల్. నోరు తిరగక అందరం ఏసీఎన్ అనేవాళ్లం. చూడ్డానికి నీళ్లే. నీళ్లలో పోస్తే జాడ లేకుండా కలిసిపోతుంది. మూత తీస్తే తియ్యటి వాసన, మాగిన పండు పక్కన స్పిరిట్ సీసా పెట్టినట్టు. కాసేపు అక్కడే ఉంటే ఆ వాసనా తెలియకుండా పోతుంది. నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది కాబట్టి మంటకు మాత్రం అందరూ భయపడేవాళ్లు. ఒంటి మీద పడితే చల్లగా ఉంటుంది తప్ప మండదు, బొబ్బ లేవదు. అందుకని యాసిడ్ డ్రమ్ముకు ఆమడ దూరం నడిచేవాడు కూడా దీని డ్రమ్ము మీద కూర్చుని బీడీ కట్ట లెక్కపెట్టుకునేవాడు.

మందు తయారుచేసే రియాక్టర్లలో దాన్ని డ్రమ్ములకొద్దీ పోస్తారు. ముడిసరుకులు అందులో కరిగి ఒకదానితో ఒకటి కలుస్తాయి. ల్యాబులో మాకు దాంతో వేరే పని. తయారైన మందులో మంచి ఎంత, చెత్త ఎంత అని చూసే మిషన్లు పొద్దస్తమానం దాన్ని తాగుతూనే ఉండాలి. సన్నని గొట్టంలో మందును మోసుకుపోతూ మంచినీ చెడ్డనూ వేరుచేసేది అదే. అది లేని రోజు మా ల్యాబు పొయ్యి వెలగని వంటిల్లే.

రెండువేల ఎనిమిది చివర్లో అది దొరకడం మానేసింది. దాన్ని ఎవరూ పనిగట్టుకుని తయారు చెయ్యరు. ప్లాస్టిక్కుకూ, స్వెట్టర్ల నూలుకూ పనికొచ్చే ఇంకో సరుకు తయారవుతుంటే పక్కన మిగిలేది ఇది, బియ్యం దంచితే తౌడు వచ్చినట్టు. ఆ ఏడు ప్రపంచంలో కార్లు అమ్ముడుపోలేదు. కార్లకు ప్లాస్టిక్ అక్కర్లేకపోయింది. మాకు తౌడు రాలేదు. అంతకుముందు వాడేసిన ఏసీఎన్‌ను కాల్చెయ్యడానికి సిమెంటు ఫ్యాక్టరీలకు పంపేవాళ్లు. ఇప్పుడు చుక్క కూడా పోనియ్యొద్దన్నారు. వెనక షెడ్డులో తుప్పుపట్టిన పాత బట్టీని తోమించి, వాడేసిన ద్రవాన్ని అందులో కాచి మళ్లీ పట్టడం మొదలుపెట్టారు. పనివాళ్లు దానికి సారాబట్టీ అని పేరు పెట్టారు. పట్టిన సరుకు బాగుందో లేదో చూసి సంతకం పెట్టేదాన్ని నేనే. మిషన్లు మళ్లీ నడుస్తున్నాయని సంతోషపడ్డాను కూడా.

అప్పటి ఫ్యాక్టరీ డాక్టరు పురంధర్ గారు. ముసలాయన. రెండువేల తొమ్మిది జనవరిలో పని మానుకుని సంగారెడ్డి వెళ్లిపోయాడు, ఆయన చోట వెంటనే ఎవరినీ పెట్టలేదు. బట్టీ మొదలైందని విని, పోయేముందు బస్వరాజును కూర్చోబెట్టుకుని చెప్పాడట.

"బస్వరాజూ, ఇది ఒంట్లోకి పోయేటప్పుడు విషం కాదు. పోయాక విషం అవుతుంది. కాలేయం దీన్ని విరగ్గొడితే సైనైడ్ బయటికొస్తుంది. అదీ తాపీగా. మూడు గంటలు పట్టొచ్చు, పది గంటలు పట్టొచ్చు. అప్పటిదాకా మనిషి నవ్వుతూ తిరుగుతాడు. ఆ నవ్వు చూసి నువ్వు మోసపోవద్దు."

బస్వరాజు బీరువాలో సైనైడ్ విరుగుడు పెట్టె ఒకటి ఉండేది. పీల్చడానికి గాజు గొట్టాలు కొన్ని, నరంలోకి ఎక్కించే సూదిమందులు రెండు రకాలు. ఎప్పుడో ఒక మందు తయారీకి సైనైడ్ వాడిన రోజుల్లో కొన్నది. గడువు తీరి మూడేళ్లయింది. డాక్టరు చెప్పిన మర్నాడే బస్వరాజు కొత్త పెట్టె కావాలని కాగితం రాశాడు. సైనైడ్ మానేసి ఐదేళ్లయింది కదా, ఇప్పుడు దాని విరుగుడు దేనికని పైనుంచి తిరిగొచ్చింది. ఏసీఎన్ ఒంట్లో సైనైడ్ అవుతుందని మళ్లీ రాశాడు. అలాగని డ్రమ్ము మీద ఎక్కడ రాసుందో చూపించమని ఆఫీసులో నవ్వారట. మూడోసారి రాసిన కాగితానికి జవాబే లేదు.

ఏప్రిల్ రెండో వారం ఫ్యాక్టరీ చూడ్డానికి విదేశీ తనిఖీదారులు వచ్చారు. వాళ్లు ఊఁ అంటేనే మా మందు వాళ్ల దేశానికి పోతుంది. వారమంతా గోడలకు సున్నాలు, కొత్త బోర్డులు, ఇస్త్రీ యూనిఫారాలు. ఆ వారంలో ప్రమాదం అనే మాట ఏ కాగితం మీదా పడకూడదని అందరికీ నోటిమాటగా చెప్పారు.

బట్టీ దగ్గర పొద్దుటి షిఫ్టులో తుల్జారాం అనే అతను ఉండేవాడు. నారాయణఖేడ్ తండా మనిషి, ముప్పై ఒక్కేళ్లు. కాంట్రాక్టు పని. భార్య చాందిబాయి ఇళ్లు కట్టే చోట కూలికి పోయేది. అనిత అని పదేళ్ల కూతురు. తుల్జారాం మాటకారి, ఎవరినైనా ఇట్టే నవ్వించేవాడు.

ఆరోజు ఏడున్నరకు డ్రమ్ముల్లోంచి బట్టీకి ద్రవం తోడుతుంటే రబ్బరు గొట్టం అతుకు ఊడింది. పంపు జోరుకు ఏసీఎన్ అతని ఛాతీ మీదుగా కాళ్లదాకా కొట్టింది. బూట్లు నిండాయి. తుల్జారాం పరిగెత్తి వాల్వు మూశాడు. అప్పటికే పంపు కింది గుంటలో మోకాలి లోతు చేరింది. పక్కనే మోటారు తిరుగుతోంది, రవ్వ లేస్తే షెడ్డే ఉండదు. షిఫ్టు ఇన్‌చార్జి అరిచాడు, తోడెయ్యమని. తుల్జారాం ముక్కుకు తువాలు కట్టుకుని ఆ గుంటలోకి దిగి, అరగంటసేపు బకెట్టుతో తోడి, మిగిలింది గుడ్డలతో అద్ది పిండాడు. అంతా అయ్యాక, కళ్లు ఎర్రబడ్డాయని అతన్ని బస్వరాజు దగ్గరికి పంపారు.

బస్వరాజుకు గుమ్మంలోనే వాసన తగిలింది. బట్టలన్నీ విప్పించి, సంచిలో వేసి మూతి కట్టి బయట పెట్టాడు. కుళాయి కింద నిలబెట్టి, సబ్బు ఇచ్చి, గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు స్నానం చేయించాడు. తుల్జారాంకు నవ్వులాటగా ఉంది. పెండ్లినాడు గూడ ఇంతసేపు పోయలేదు నీళ్లు అన్నాడట. సెంటు కొట్టుకున్న వాసనొస్తోంది, ఇంట్లో ఆమె అనుమానపడుతుంది, నువ్వే చీటీ రాసియ్యాలె అన్నాడట. బస్వరాజు నవ్వలేదు. క్యాంటీన్ వాళ్ల యూనిఫారం తెచ్చి తొడిగించి మంచం మీద పడుకోబెట్టాడు. నాడి బాగుంది. బీపీ బాగుంది. ఊపిరి బాగుంది. అప్పటికి ఎనిమిదిన్నర.

ఫోన్ తీసి షిఫ్టు ఇన్‌చార్జికి చెప్పాడు, ఇతన్ని పెద్దాసుపత్రికి పంపాలని. దెబ్బ తగిలిందా అని అడిగాడు ఇన్‌చార్జి. లేదు. కాలిందా? లేదు. మరి ఏమని పంపాలి? సాయంత్రానికి ప్రాణం మీదికి రావచ్చు అన్నాడు బస్వరాజు. వచ్చినప్పుడు చూద్దాం, బండి బయటికి పోవాలంటే మేనేజరు సంతకం కావాలి, మేనేజరు తనిఖీవాళ్ల దగ్గర కూర్చున్నాడు అన్నాడతను. బస్వరాజు స్వయంగా ఆఫీసు మెట్లెక్కాడు. అద్దాల గదిలో తెల్లవాళ్ల ముందు మేనేజరు ఏదో చూపిస్తున్నాడు. బయట కూర్చున్న పర్సనెల్ ఆఫీసరు వేలు పెదవుల మీద పెట్టుకుని, చేత్తో వెనక్కి పొమ్మని సైగ చేశాడు.

తిరిగొచ్చి బీరువా తీశాడు. పెట్టె ముందు నిలబడ్డాడు. ఆ రోజు ఎంతసేపు నిలబడ్డాడో ఆయన నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు, పావుగంట. గడువు తీరిన మందు. రాసిచ్చే డాక్టరు లేడు. మంచం మీది మనిషి తండా పాట కూనిరాగం తీస్తున్నాడు. బాగున్నవాడి నరంలోకి చచ్చిన మందెక్కించి, వాడికేమైనా అయితే? బీరువా మూసేశాడు.

ఎవరికీ చెప్పకుండా ఒక పని మాత్రం చేశాడు. తుల్జారాంకు బీపీ ఎక్కువుందని అబద్ధం చెప్పి, రెండు గంటలదాకా మంచం దిగనియ్యలేదు. గంట గంటకూ నాడి చూశాడు. పదకొండింటికి మజ్జిగ తాగించాడు. పన్నెండింటికి తుల్జారాం ముఖం కొంచెం ఎర్రగా కనిపించింది. ఎండాకాలం, రేకుల కప్పు, ఎవరి ముఖమైనా ఎర్రగానే ఉంటుంది. తలనొస్తుందా అని అడిగితే లేదన్నాడు. తర్వాత బస్సులో అతని పక్కన కూర్చున్న పనివాడు చెప్పాడు, వస్తోందనీ, చెబితే ఇంకా పడుకోబెడతాడని చెప్పలేదనీ.

రెండింటికి షిఫ్టు బస్సు హారన్ కొట్టింది. తుల్జారాం లేచి కూర్చున్నాడు.

"ఇయ్యాల నువ్వు ఇంటికి పోవద్దు బిడ్డా. నాతోని దవాఖానకు నడు. ఆటోల పోదాం."

"నాకేమైంది సార్. గుర్రం లెక్క ఉన్న. మా బస్తీల మూడింటికి ట్యాంకర్ వస్తది. నాలుగు దినాలకొక్కపారి. ఆమె కూలికి పోయింది, నీళ్లు నేనే పట్టాలె."

"నీళ్లు ఎవరైనా పడతరు."

"ఎవరు పడతరు సార్. ఎవరి బిందె వాళ్లకే."

బస్వరాజు ఇంకా ఆపి ఉండొచ్చు. పట్టుకుని కూర్చోబెట్టి ఉండొచ్చు. అతనితో పాటు బస్సెక్కి ఉండొచ్చు. కానీ ఆయన డ్యూటీ నాలుగు దాకా. తనిఖీ వారంలో ఆరోగ్య కేంద్రం ఖాళీగా కనిపిస్తే ఉద్యోగం ఉండదు. కాగితం తీసుకుని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాశాడు, ఈ మనిషి మీద ఫలానా ద్రవం పడింది, ఇన్ని గంటలకు, సైనైడ్ విరుగుడు ఇవ్వండి అని. నాలుగు మడతలు పెట్టి అతని జేబులో పెట్టాడు. కక్కొచ్చినా, దమ్మాడకపోయినా ముందు ఈ కాగితం డాక్టరుకు చూపియ్యమని మూడుసార్లు చెప్పాడు. తుల్జారాం చదువురానివాడు. సరే సార్ సరే అంటూ జేబు తట్టుకుంటూ బస్సెక్కాడు.

ఇంటికి పోగానే క్యాంటీన్ యూనిఫారం ఖరాబవుతుందని విప్పి మేకుకు తగిలించి, లుంగీ బనియన్‌తో ట్యాంకర్ దగ్గరికి పోయాడు. ఆరు బిందెలు మోశాడు. ఏడో బిందెకు వరసలో నిలబడినవాడు నిలబడినట్టే కూలిపోయాడు. మండుటెండ. వడదెబ్బ అన్నారంతా. నీడకు లాగి, తడిగుడ్డ వేసి, ఉల్లిపాయ వాసన చూపించారు. బస్తీలో సూదులేసే ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ పెట్టాడు. వాంతులు మొదలయ్యాయి. ఊపిరి కుక్క వగర్చినట్టు వచ్చింది. చాందిబాయి పనిచోటు నుంచి సిమెంటు చేతులతో పరిగెత్తుకొచ్చేసరికి కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. ఆటోలో వేసుకుని మెయిన్ రోడ్డు మీద పది పడకల నర్సింగ్ హోంకు తీసుకుపోయారు. కాగితం మేకుకు వేలాడుతూ ఇంట్లోనే ఉంది. దాని సంగతే ఎవరికీ తెలియదు.

నాలుగూ ఇరవైకి ఒక పనివాడు ఫోన్ చేసేసరికి బస్వరాజు గేటు దగ్గర ఉన్నాడు. వెనక్కి పోయి, బీరువా తీసి, ఆ పెట్టె చంకలో పెట్టుకుని నర్సింగ్ హోంకు చేరాడు. డ్యూటీ డాక్టరు చిన్న వయసువాడు. వడదెబ్బ అని రాసి ఐసు పెట్టిస్తున్నాడు.

"ఇది వడదెబ్బ కాదు సార్. సైనైడ్."

డాక్టరు చెయ్యి ఆపాడు. "సైనైడ్ మింగాడా?"

"మింగలే సార్. ఫ్యాక్టరీల సాల్వెంట్ మీద పడ్డది. పొద్దున ఏడున్నరకు. అది ఒంట్ల సైనైడ్ అయితది."

"పొద్దున పడింది ఇప్పుడు పనిచేస్తుందా? సైనైడ్ నిమిషాల్లో చంపుతుంది. మీరు డాక్టరా?"

"కాంపౌండర్ను సార్."

డాక్టరు పెట్టె తీసుకుని తారీఖు చూసి తిరిగిచ్చేశాడు. సైనైడ్ అని మీరే అంటున్నారు కాబట్టి ఇది పోలీసు కేసు, మేం ముట్టుకోం, పట్నం తీసుకుపోండి అన్నాడు. పోలీసు మాట వినగానే, ఆటోలో కూడా వచ్చిన చాందిబాయి అన్నగారు బస్వరాజు మీదికి వచ్చాడు, మావాడు విషం తాగిండని అంటవా అని. చాందిబాయికి ఎవరి మాట నమ్మాలో తెలియలేదు. అంబులెన్సు కోసం నలభై నిమిషాలు పోయాయి.

బండిలో బస్వరాజు గాజు గొట్టాలు చేతిరుమాలులో విరిచి తుల్జారాం ముక్కు దగ్గర పట్టాడు. నరం వెతికి మొదటి మందు ఎక్కించాడు, రెండోదీ ఎక్కించాడు. కూకట్‌పల్లి రద్దీలో బండి ఆగి ఆగి పోతోంది. ఒకసారి తుల్జారాం ఊపిరి కొంచెం తేటపడిందట. చాందిబాయి అతని చెవి దగ్గర వాళ్ల భాషలో ఏదో చెబుతూ ఉందట. ఇంకో నాలుగు కూడళ్లు దాటేసరికి అంతా అయిపోయింది. ఆరున్నర, ఇంకా వెలుతురుంది.

నర్సింగ్ హోం కాగితంలో వడదెబ్బ అనే ఉంది కాబట్టి అందరూ దానికే ఒప్పుకున్నారు. పోస్టుమార్టం కోతలు వద్దని చాందిబాయి అన్నగారు పట్టుబట్టాడు. కాంట్రాక్టరు బండి మాట్లాడి శవాన్ని తండాకు పంపాడు. మూడో రోజు పర్సనెల్ ఆఫీసరు కొత్త రిజిస్టరు ఒకటి తెచ్చి బస్వరాజు బల్ల మీద పెట్టాడు. పాతది తడిసి పాడయిందనుకో, జనవరి నుంచి మళ్లీ నీ చేత్తోనే రాయి, ఆ ఒక్క తారీఖు దగ్గర మాత్రం ఎండకు నీరసంగా ఉందని వచ్చాడు, గోలి తీసుకుని బాగై వెళ్లాడు అని రాయి అన్నాడు. బెదిరించలేదు. పిల్లలు ఏం చదువుతున్నారని అడిగి, టీ తెప్పించి ఇచ్చాడట.

బస్వరాజు రెండు రోజులు కూర్చుని మూడున్నర నెలల పేజీలు రాశాడు. ఆయన అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఆ తారీఖు దగ్గర కూడా అలాగే ఉన్నాయని చెప్పాడు. ఇంట్లో భార్య మహానందమ్మకు చెబితే, ఆమె రెండు పూటలు ఆయనకు కంచం పెట్టి అవతలికి పోయిందట.

వేసవి సెలవుల్లో సంగారెడ్డి పోయి పురంధర్ గారిని కలిశాడు. ఆయన జామచెట్టుకు పాదు తీస్తున్నాడు. జరిగిందంతా విని, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. బస్వరాజు ఒకటే అడిగాడు.

"ఆ మందు పొద్దున్నే ఎక్కిస్తే ఏమయ్యేది సార్?"

"రెండు మందుల్లో ఒకటి ప్రమాదమే. రెండోది, థయోసల్ఫేటు, దాంతో మనిషికి నష్టం లేదు. గడువు తీరినా చాలావరకు పనిచేస్తుంది. మెల్లగా పుట్టే విషానికి అది మెల్లగా విరుగుడు."

"అంటే బతికెటోడా?"

"బతికేవాడని చెప్పలేను. ఇవ్వకపోవడానికి మాత్రం కారణం లేదు బస్వరాజూ. నేను ఆరోజు నీకు అంతవరకూ చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు."

ఆ మాట వినకుండా ఉంటే బాగుండేదని బస్వరాజు తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడట. అంతవరకూ తప్పు కంపెనీది, ఎండది, ట్యాంకరుది. ఆ రోజు నుంచి తనది కూడా. తిట్టడం మానేశాడు. ఎవరు ఏ చిన్న దెబ్బతో వచ్చినా సాయంత్రందాకా కూర్చోబెట్టేవాడు. ఇన్‌చార్జులు విసుక్కుంటే తల దించుకుని వినేవాడు, వదిలేవాడు కాదు. విరుగుడు పెట్టె కోసం ప్రతి మూడు నెలలకూ కాగితం రాసేవాడు. నాలుగేళ్లకు, ఇంకో తనిఖీకి ముందు, అద్దాల పెట్టెలో కొత్తది వచ్చింది. తాళంచెవి పర్సనెల్ ఆఫీసులో ఉండేది.

రెండువేల పది నాటికి కార్లు మళ్లీ అమ్ముడుపోయాయి. ఏసీఎన్ డ్రమ్ములు మళ్లీ గోడౌను నిండా వచ్చాయి. బట్టీని విప్పి తుక్కుకు అమ్మేశారు. ఖాళీ డ్రమ్ములు కడిగే చోట అప్పటికే చాందిబాయి పనిచేస్తోంది. మొగుడు పోయినందుకు కంపెనీ చూపిన దయ అది. డ్రమ్ము అడుగున మిగిలిన ద్రవాన్ని ఒంచి, నీళ్లు పోసి, గుడ్డతో తుడవాలి. రోజుకు నలభై.

బస్వరాజు మధ్యాహ్నం అన్నం తిన్నాక అటు పోయేవాడు. చేతులకు తొడుగులు వేసుకోమని, గాలికి ఎదురు నిలబడొద్దని, తడిసిన కొంగుతో ఇంటికి పోవద్దని చెప్పి వచ్చేవాడు. రోజూ పోతుంటే మిగతా ఆడవాళ్లు నవ్వారు. డాక్టర్ సాబుకు డ్రమ్ముల మీద మోజు పుట్టిందన్నారు. చాందిబాయి కొన్నాళ్లు ఓర్చుకుని ఒకరోజు నిలదీసింది, ఎందుకు సార్ నన్ను నలుగుర్ల పల్చన చేస్తవని. అప్పుడు చెప్పాడు. మొత్తం చెప్పాడు. గుంట, స్నానం, బీరువా, చీటీ, రిజిస్టరు, సంగారెడ్డిలో విన్నది. ఆమె డ్రమ్ము అంచు పట్టుకుని నిలబడి విన్నది.

"చీటీ దొరికింది సార్. దినాలైనంక అంగీ ఉతుకుతుంటే. మా అన్న కొడుకుతోని సదివిచ్చిన. అప్పటిసంది నాకెరుకే."

మరి ఎవరినీ ఎందుకు అడగలేదని అన్నాడట బస్వరాజు.

"ఎరుకై ఏం జేస్తి. కేసేస్తే నౌకరి పోతది. పిల్లున్నది. నువ్వు రాసినవు, నేను నోరు మూసుకున్న. ఇగ ఇడిసిపెట్టు. గని రోజు రాకు సార్. నిన్ను చూస్తే ఆయన ఆనాడు నీతోని పోయిచ్చుకున్న తానమే యాదికొస్తది."

ఆ తర్వాత ఆయన పోవడం మానేశాడు. ఆమె చీటీ ఏం చేసిందో అడగలేదు.

నేను పెళ్లయి, ఊరు మారి, ఆ ఫ్యాక్టరీ వదిలేశాను. రెండువేల పదిహేడులో పాత సర్టిఫికెట్టు కోసం ఒకరోజు వెళ్లినప్పుడు బస్వరాజు గదిలో కూర్చున్నాను. ఇదంతా ఆయన చెప్పింది ఆ ఒక్క మధ్యాహ్నంలోనే. విభూతి పెట్టుకోవడం మానేశాడు.  బట్టీలో పట్టిన సరుకుకు సంతకాలు పెట్టింది నేనేనని అన్నాను. అవును మేడం అన్నాడు. ఊరడించలేదు, తప్పుపట్టలేదు.

మాట మధ్యలో గుమ్మం దగ్గర ఇద్దరు నిలబడ్డారు. చాందిబాయి ఎండిపోయింది. తలలో సగం నెరిసింది. ఒకటే తలనొప్పి అంటుందని బస్వరాజు అంతకుముందే చెప్పాడు. పక్కన పద్దెనిమిదేళ్ల కూతురు అనిత, ఇంటర్ తప్పిందట. చాందిబాయి నన్ను గుర్తుపట్టి నమస్తే పెట్టి, ఆయనతో అన్నది:

"పిల్లకు సాల్వెంట్ గోడౌన్ల చిట్టీలు అంటించే పని ఉన్నదంటున్రు. సదువు వచ్చినోళ్లు గావాల్నట. ఒంటి పరీచ్ఛ కాయితం నువ్వే రాయాలెనట సార్."

 వేరేచోట, బట్టల దుకాణంలోనో ఎక్కడో అడుగుతాననీ, తనకు తెలిసినవాళ్లున్నారనీ బస్వరాజు మెల్లగా అన్నాడు. అక్కడ అడిగొచ్చిన, ఇక్కడ ఇచ్చేదాంట్ల సగం గూడ ఇయ్యరు అని చాందిబాయి చెప్పింది. గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు.

ఆయన లేచి అనితను బరువు చూసే మిషన్ ఎక్కించాడు. గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచాడు. చేతికి బీపీ పట్టీ చుట్టి, గాలి కొట్టి, చెవికి గొట్టం పెట్టుకుని విన్నాడు. ఫారం తీసి ఒక్కొక్క గడీ నింపాడు. వాసనకు తల తిరిగితే ఎవరినీ అడగకుండా బయటికి రావాలని పిల్లకు చెప్పాడు. ఆ పిల్ల గోడ మీది గడియారం వైపు చూస్తూ తల ఊపింది. ఎప్పటి నుంచి డ్యూటీ అని చాందిబాయి అడిగింది.

"సోమవారం సంది" అని, ఫారం మీద ముద్ర వేసి ఇచ్చాడు.